యోబు మామ మార్చిన స్విచ్చి

మా యోబు మామకు అనుమానం ఎక్కువ. దేని మీద అని అడక్కండి. దేని మీద లేదో చెప్పడం సులువు. తన మీద తనకు లేదు. మిగతా లోకమంతటి మీదా ఉంది.

బైబిల్లో యోబు ఓపికకు పేరుబడినవాడు. మా అవ్వ తన కొడుక్కి ఆ పేరు పెట్టడంలో కొంచెం తొందరపడింది. గాయంలో వేలు పెట్టి చూస్తేగానీ నమ్మనన్న తోమా పేరు పెట్టి ఉంటే అతికినట్టు సరిపోయేది. ఈ మాట ఒకసారి మామతోనే అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "తోమా ఒక్క తూరి చూసి నమ్మేసినాడు, అల్లుడా. అంత బేగా నమ్మితే ఎట్లా?" అన్నాడు.

నంద్యాల రైల్వే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాడు మామ. మామిడిపండ్ల గంప వస్తే "పైన పండ్లు సరే, కింద ఏముండాయి?" అనేవాడు. కింద కూడా పండ్లే ఉంటే అనుమానం రెట్టింపయ్యేది. రిటైరయ్యాక పార్సిళ్లు లేకపోయేసరికి ఆ చూపంతా ఇంటి మీదికి మళ్లింది. పాలు నీళ్లగా ఉంటే పాలామె మీద అనుమానం. చిక్కగా ఉంటే "ఈ పొద్దు ఎందుకు కలపలా?" అని ఇంకా పెద్ద అనుమానం. వరండాలో పరిచిన బేతంచెర్ల బండల మీద కూడా ఆయన కర్రతో తట్టుకుంటూ నడిచేవాడు. ఏ బండ కింద ఏముందో ఎవరికి తెలుసు?

1983లో నాకు నంద్యాల పత్తి మిల్లులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మాది ఆళ్లగడ్డ. మా అమ్మ దానమ్మ యోబు మామకు సొంత చెల్లెలు. స్టేషను వెనక వీధిలో మామ ఇల్లు ఉండగా వేరే గది ఎందుకని అమ్మ నన్ను అక్కడికే పంపింది. పెట్టె దించకముందే మామ అడిగాడు.

"మీ అమ్మ నిన్ను మా ఇంటికే ఎందుకు పంపిచ్చింది?"

"నువ్వు ఆమెకు అన్నవు గదా మామా."

"అది సరేలే. అసలు సంగతి చెప్పు."

ఆ అసలు సంగతి నేను ఇప్పటికీ చెప్పలేకపోయాను.

ఒక శనివారం పొద్దున మామ వరండాలో స్విచ్చి బోర్డుకు చెవి ఆనించి నిల్చుని ఉన్నాడు.

"అల్లుడా, ఇట్లా రా. ఇను."

స్విచ్చి వేశాడు. తీశాడు.

"ఏం ఇనపడింది?"

"టక్కుమనింది."

"అదీ! నిన్నటిదాకా టిక్కుమనేది."

"ఏమన్నా అననీ మామా. లైటు వెలుగుతాంది గదా."

"వెలిగేది వేరే, టక్కుమనేది వేరే. ఈడేందో ఉండాది."

ఈ 'ఈడేందో ఉండాది' అన్న మాట మామ నోట్లోంచి వచ్చిందంటే ఇంట్లో ఏదో ఒకటి విప్పబడుతుందని అర్థం.

"అంకన్నను పిలుద్దాం మామా. వైరింగు చేసింది ఆయనే గదా."

అంకన్న సంగతి ఇక్కడే చెప్పాలి. నల్లమలలోని చెంచుగూడెం నుంచి వచ్చినవాడు. చిన్నప్పుడు తండ్రితో కలిసి కొండచరియల్లో తేనె తీశాడు. వయసొచ్చాక శ్రీశైలం డ్యాము పనుల్లో కూలికి పోయాడు. అక్కడ వైర్లు మోస్తూ, లాగుతూ, చూస్తూ కరెంటు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నంద్యాలలో ఒక కాంట్రాక్టరు కింద చేస్తున్నాడు. మాట తక్కువ, పని నిదానం. ఏడాది కిందట మామ ఇంటికి పాత వైర్లు తీసి కొత్తగా వైరింగు చేసేటప్పుడు ప్రతి మర బిగించాక జేబులోంచి చిన్న డబ్బా తీసి, గోటితో ఇంత తేనెమైనం గిల్లి ఆ మర నెత్తిన అద్దేవాడట.

"ఇదేందప్పా, కరెంటుకు బొట్టు పెడతాండావు?" అని మామ నిలదీశాడు.

"వైరు వదులైతే మర వేడెక్కుతాది సారూ. వేడెక్కితే మైనం కరుగుతాది. తప్పు యాడుండాదో చూస్తానే తెలుస్తాది. ఇంగొకరు మర తిప్పినా తెలుస్తాది."

"అంటే నువ్వు కూడా ఎవుర్నీ నమ్మవా?" మామ ముఖం వెలిగిపోయింది.

"నమ్ముతా సారూ. మైనం పెట్టి నమ్ముతా."

ఆ మాటకు మామ వాడికి రెండో గ్లాసు టీ ఇప్పించాడని మణెమ్మత్త చెప్పింది. మామ చేత్తో రెండో గ్లాసు తాగినవాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు.

అలాంటివాణ్ణి పిలుద్దామంటే మామ తల అడ్డంగా ఊపాడు. "వాడు వచ్చి, చూసి, 'బాగుండాది సారూ' అంటాడు. బాగుండాదని చెప్పేటోడిని ఎట్లా నమ్మేది?"

"మరి?"

"మనమే మార్చేద్దాం. మీ అత్త సాయంత్రం దాకా రాదు."

మణెమ్మత్త ఆ పూట స్త్రీల కూడికకని ఆళ్లగడ్డ పోయింది. ఆమె ఇంట్లో ఉంటే మామ స్విచ్చి వంక చూడను కూడా చూడడు. దానికి కారణముంది. నాలుగేళ్ల కిందట ఇస్త్రీపెట్టె వేడి మీద అనుమానం వచ్చి మామ దాన్ని విప్పి, మళ్లీ బిగించి, ప్లగ్గు పెట్టాడు. కళ్లు తెరిచేసరికి జొన్నపిండి తట్టలో వెల్లకిలా ఉన్నాడు. అత్త ఆరోజంతా ఉపవాస ప్రార్థన చేసింది. లేచాక ఒకే మాట చెప్పింది. "ఇంగొక్క తూరి కరెంటు మీద చెయ్యి వేసినావా, నేను మా అన్న ఇంటికి పోతా. తిరిగి రాను." అత్త ఆడిన మాట మీద నిలబడే మనిషి. వైరింగు చేయడానికి వచ్చిన అంకన్నతో కూడా "పని అయినాక స్క్రూడ్రైవరు ఒక్కటి కూడా ఈడ మర్చిపోవద్దు నాయనా, మా ఆయన సంగతి నీకు తెల్దు" అని, అన్న ఇంటికి పోతానన్న తన మాట కూడా మొదటి రోజే చెప్పుకుంది.

స్విచ్చి కొనడానికి బజారుకు పోయాం. మామ ఒక్కో స్విచ్చినీ చెవి దగ్గర పెట్టుకుని నలభైసార్లు నొక్కాడు. ఐదో స్విచ్చికి కొట్టాయన చేతులు జోడించాడు.

"సారూ, మీరు కొనేలోపే దాని ఆయుస్సు తీరిపోతాది."

"అంటే నలభై తూర్లకే పోయే సరుకా ఇది?" అన్నాడు మామ.

ఎలాగో ఒకటి, దాంతోపాటు ఒక స్క్రూడ్రైవరు తెచ్చాం. మామ ఫ్యూజు పీకి నా చేతికిచ్చాడు. "నేను చెప్పేదాకా పెట్టొద్దు" అన్నాడు. మూడడుగులు వేసి వెనక్కి తిరిగొచ్చాడు. "ఇయ్యి. నా జేబులో ఉంటేనే మేలు."

పాత స్విచ్చి విప్పుతుంటే స్క్రూడ్రైవరు జారి బొటనవేలు గీరుకుంది, దానికి గుడ్డ కట్టుకున్నాడు. మరల మీది మైనం పెచ్చులుగా రాలి కింద పడితే కాలితో బండల సందులోకి తోసేశాడు. స్విచ్చికి రెండు మరలు, మూడు వైర్లు. మూడూ ఎర్రవే. ఒక మర కింద రెండు, ఇంకో మర కింద ఒకటి.

"ఒకపక్క రెండు, ఒకపక్క ఒకటి. గుర్తు పెట్టుకో అల్లుడా."

నేను గుర్తు పెట్టుకున్నాను. మామ కూడా పెట్టుకున్నాడు. ఏ రెండు అన్నది మాత్రం ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

కొత్త స్విచ్చి బిగించి, ఫ్యూజు పెట్టి, నొక్కితే టిక్కుమంది. వరండా లైటు వెలిగింది. మామ మీసం దువ్వుకుని పాత స్విచ్చిని జేబులో వేసుకున్నాడు.

"ఈ సంగతి నీ నోట్లోంచి బయటికి రాకూడదు."

"రాదు మామా."

"అంత బేగా ఎట్లా చెప్తాండావు? ఆలోచించుకొని చెప్పు."

ఆలోచించుకుని చెప్పాను.

సాయంత్రం అత్త ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చింది. వెంట వాళ్లన్న సంజీవయ్య కూడా వచ్చాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మామ, అత్త కూడా సభ్యులుగా ఉన్న ఆళ్లగడ్డ చర్చి కమిటీకి కార్యదర్శి. నంద్యాలలో కళ్లు చూపించుకుని మూడు రోజులు ఉండి పోదామని వచ్చాడు. ఆ చర్చికి కొత్తగా వైరింగు చేయించాలని, ట్యూబులైట్లు, ఫ్యాన్లు పెట్టించాలని సంఘం అనుకుంటోంది. మామ ఇంటి పని చూసి పాస్టరు గారు అంకన్న పేరే చెప్పారు. వచ్చే నెల మొదటి ఆదివారం కమిటీ కూర్చుని ఖాయం చేయాలి.

దీపాల వేళకు అత్త వంటింట్లో మాకు సంగటి వడ్డించింది. మామ అలవాటు ప్రకారం భోజనానికి కూర్చునేముందు వరండా లైటు తీసేసి వచ్చాడు. "లైటుంటే మనం బయటోళ్లకు కనపడతాం. తీసేస్తే వాళ్లు మనకు కనపడతారు" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన అక్కడ స్విచ్చి తీయడమూ, ఇక్కడ వంటింటి లైటు పోవడమూ ఒక్కసారే జరిగాయి.

చీకట్లో సంజీవయ్య సంగటి అనుకుని చెనిక్కాయల చట్నీ ముద్ద మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. ఆయన అరుపుకు పక్కింటి జయమ్మ కూడా బయటికొచ్చింది.

"ఎవురో ఉండారు!" అని మామ వరండాలోకి ఉరికి, దొంగను చూద్దామని లైటు వేశాడు.

"వచ్చిందయ్యా!" అని అత్త లోపలి నుంచి అరిచింది.

బయట ఎవరూ లేరు. మామ లైటు తీసేసి లోపలికి రాబోయాడు.

"మళ్లీ పోయింది!"

మూడు రోజులు ఇదే తంతు. దొంగను పట్టుకుందామని మామ వరండా లైటు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే వంటింటి లైటు బుద్ధిమంతురాలిలా వెలుగుతుంది. చీకట్లో నక్కి కూర్చుందామని లైటు తీస్తే టప్పున పోతుంది. "చూసినావా? నేను చూస్తాంటే పనిచేస్తాది. నేను కనపడకపోతే పోతాది. నన్ను ఎవురో గమనిస్తాండారు అల్లుడా" అన్నాడు మామ. అనుమానం పెనుభూతం అన్నారు గానీ, మా మామది ఆ భూతానికి కూడా అనుమానం పుట్టించే రకం.

జయమ్మ ఆ వారమే టేబుల్ ఫ్యాను తెచ్చుకుంది. అది మా కరెంటే లాగుతోందేమోనని మామ గోడ పక్కకు పోయి నిలబడ్డాడు.

"జయమ్మా, నీ ఫ్యాను గాలి యాడిది?"

"గాలి దేవుడిది సారూ. ఫ్యాను మా తమ్ముడిది."

ఆ జవాబులో తప్పు పట్టలేక మామ ఆరాత్రి సరిగా తినలేదు. తర్వాత కరెంటు ఆఫీసు మీద, బల్బు అమ్మినవాడి మీద, అటక మీది ఎలుకల మీద, చివరికి సాతాను మీద కూడా అనుమానపడ్డాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో పట్టేవాడే దొంగ అయితే ఇంకెవరు పడతారు?

"మామా, మనం మార్చిన స్విచ్చి..." అని నేను నసిగాను.

"ష్! అది నా చేతుల్తో నేను పెట్టింది. దాని మీద అనుమానం యాలా?"

సంజీవయ్యకు మాత్రం ఏ అనుమానమూ లేదు, నేరుగా తీర్పే ఇచ్చాడు. "అడవిలో తేనె తీసేటోనికి కరెంటు పని ఇస్తే ఇట్లే ఉంటాది మణెమ్మా. ఇల్లు కాబట్టి సరిపోయింది. రేపు చర్చిలో నాలుగు వందల మంది కూర్చుంటారు."

మూడో రోజు సాయంత్రం అత్తే అంకన్నకు కబురు పంపింది. వాడు సైకిలుకు సంచి తగిలించుకుని వచ్చి వరండాలో బోర్డు విప్పాడు. అత్త, సంజీవయ్య, నేను చుట్టూ నిల్చున్నాం. మామ మాత్రం దూరంగా తూము దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు.

అంకన్న బోర్డులోకి చూశాడు. మిగతా మరలన్నిటి మీదా మైనం పసుపురంగులో చెక్కుచెదరకుండా ఉంది. ఆ ఒక్క స్విచ్చి మరలు మాత్రం తళతళ మెరుస్తూ బోడిగా ఉన్నాయి. వాడు వంగి బండల సందులోకి చూశాడు. తర్వాత మామ బొటనవేలికి ఉన్న గుడ్డకట్టు చూశాడు. తర్వాత అత్త ముఖం చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మామ ఆ వేలిని వెనక దాచుకున్నాడు.

"ఏంది నాయనా, ఏమైంది?" అంది అత్త.

"నా చేతి తప్పేనమ్మా" అన్నాడు అంకన్న. "మొన్న మీరు ఊళ్లో లేనప్పుడు సారు పిలిపిచ్చినారు. స్విచ్చి మార్చినా. మీటరు కాణ్ణించి వచ్చే వైరూ, వంటింటికి పోయే వైరూ ఒక్క మర కిందే ఉండాల. నేను వంటింటి వైరును లైటు వైపు కలిపేసినా. అందుకే ఈ స్విచ్చి వేస్తేనే వంటిల్లు వెలుగుతాంది, తీస్తే పోతాంది."

రెండు నిమిషాల్లో వైరు మార్చి, మర బిగించి, మైనం అద్ది, డబ్బా మూశాడు. సంజీవయ్య కండువా సర్దుకున్నాడు.

"నీ నోటితోనే ఒప్పుకున్నావు. మంచిది. చర్చి పని మాట ఇంగ మర్చిపో అప్పా."

అంకన్న తల ఊపాడు. సంచి సర్దుకుని సైకిలు తీశాడు.

నేను వీధి మలుపు దాకా వాడి వెంట పోయాను.

"ఎందుకప్పా ఆ అబద్ధం?"

"అమ్మ మాటంటే మాటే గదన్నా. వాళ్లన్న ఇంటికి పోతే సారు ఒక్కడే ఏం తింటాడు? ఎవురు వండినా నమ్మడు గదా."

"మరి చర్చి పనీ?"

వాడు సైకిలు బెల్లును కాసేపు అరచేత్తో తుడిచాడు. "నా పేరు మీద వచ్చేది అదే మొదటిదన్నా. ఇంతవరకూ చేసినవన్నీ కాంట్రాక్టరు పేరు మీదనే. ఆ ఒక్కటి నిలబడింటే పదిమంది నన్నే పిలుస్తాండ్రి." పెడలు మీద కాలు పెట్టి, "పోనీలే. ఇంగోటి వస్తాది" అని తొక్కుకుంటూ పోయాడు. నాకు మామ మీద పట్టలేనంత కోపం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మామ వరండాలో స్విచ్చి వేస్తూ, తీస్తూ కూర్చుని ఉన్నాడు. వంటింటి లైటు నిలకడగా వెలుగుతోంది.

"వాడెందుకు మోసినాడు నా తప్పు? వానికేం లాభం?" అన్నాడు గొంతు తగ్గించి.

వాడు మలుపు దగ్గర అన్నదంతా చెప్పాను. "మంచితనం మామా."

"మంచితనమా? ముప్పై ఏండ్లు పార్సిల్ ఆఫీసులో ఉన్నా. ఆ సరుకు ఒక్క తూరి కూడా నా చేతికి రాలా. ఈడేందో ఉండాది."

"సిగ్గుండాల మామా!" అన్నాను. అంత మాట ఆయన్ని నేను ఎన్నడూ అనలేదు. "అత్తకు నిజం చెప్పు. లేకపోతే నేను చెప్తా."

"కమిటీ కూర్చునే ఆదివారం దాకా ఆగు. ఏమీ చెప్పొద్దు" అని మామ లోపలికి పోయి చిన్న నోటుపుస్తకం తెచ్చుకున్నాడు.

తెల్లారినప్పటి నుంచి మామ ఇంట్లో లేడు. భుజాన సంచి, జేబులో టెస్టరు, చేతిలో నోటుపుస్తకం. అంకన్న వైరింగు చేసిన ఇళ్లన్నీ వెతికి వెతికి తిరగడం మొదలుపెట్టాడు. తలుపు తట్టి, "మీ ఇంట్లో అంకన్న చేసిన పనిలో తప్పుండాదని నాకు అనుమానం. బోర్డు విప్పి చూపిచ్చండి" అనేవాడు. తప్పు అనగానే జనం బిలబిలా కుర్చీలు వేసి, స్క్రూడ్రైవర్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. నంద్యాలలో పదహారు ఇళ్లు చూశాడు. బేతంచెర్లలో బండలు పాలిషు పట్టే షెడ్డు చూశాడు. తెల్లటి దుమ్ము కొట్టుకుని ఇంటికొస్తే అత్త ఎవరో అడుక్కునే ముసలాయన అనుకుని "పై ఇంటికి పో నాయనా" అనింది. పాములపాడులో చూసిన ఐదిళ్లలో సీతమ్మ అనే ముసలామె అయితే బోర్డు విప్పుతున్న మామను కరెంటు కోయడానికి వచ్చినవాడనుకుని చీపురు తిరగేసింది.

"నేను నీ మంచికే వచ్చినా తల్లీ!"

"మంచికే వచ్చినోడు ఇంటింటికీ ఎందుకు తిరుగుతాడు? నాకు నీ మీద అనుమానంగా ఉండాది" అనింది సీతమ్మ.

ఆ దెబ్బలు తిని వచ్చిన మామ ముఖంలో కోపం లేదు, ఆమె మీద ఏదో గౌరవం ఉంది. "మనిషంటే అట్లుండాల అల్లుడా" అన్నాడు వీపు రుద్దుకుంటూ. నేను ముఖం తిప్పుకున్నాను. చేసిన తప్పు చాలక, ఆ తప్పు మోసినవాడి మీదే సాక్ష్యాలు పోగుచేస్తున్నాడని నా బాధ. అంకన్న చెవిన కూడా ఈ సంగతి పడింది. ఒకరోజు మిల్లు దగ్గర కనపడి, "సారుకు నా మీద అంత అనుమానమా అన్నా?" అన్నాడు.

మొదటి ఆదివారం వచ్చింది. అందరం ఆళ్లగడ్డ పోయాం. ఆరాధన అయ్యాక కమిటీ చర్చిలోనే కూర్చుంది. సంఘమంతా ఉంది. ఒకవైపు చాపల మీద మగవాళ్లు, ఒకవైపు మా అమ్మ, అత్త, మిగతా ఆడవాళ్లు. పాస్టరు గారు కబురు చేస్తే వచ్చిన అంకన్న తలుపు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సంజీవయ్య లేచి జరిగింది చెప్పాడు. కళ్లారా చూశానన్నాడు. చీకట్లో చట్నీ మింగిన సంగతి మాత్రం చెప్పలేదు.

"ఇంగెవరన్నా మాట్లాడతారా?" అన్నారు పాస్టరు గారు.

యోబు మామ లేచాడు. జనంలో ఒక మూలుగు వినిపించింది. పోయినసారి ఆయన సాక్ష్యం చెప్పడానికి లేస్తే కానుకల సంచికి చిల్లి ఉందని తేల్చడానికి గంటన్నర పట్టింది.

మామ నోటుపుస్తకం తెరిచాడు. "నా సంగతి మీకందరికీ తెలుసు. నేను ఎవుర్నీ నమ్మను. ఈ పాస్టరు గారిని కూడా మూడేండ్లు గమనిచ్చినాకనే నమ్మినా. అట్లాంటి నేను ఈ అంకన్న పని ఇరవైరెండు చోట్ల విప్పి చూసినా. ఒక్కొక్క మరా చూసినా. యాడా మైనం కరగలా. యాడా వైరు వదులు కాలా. ఒక్క తప్పు దొరకలా. ఇంటోళ్ల సంతకాలుండాయి, సంతకం రానోళ్ల వేలిముద్రలుండాయి. పాములపాడు సీతమ్మది చీపురు దెబ్బ కూడా ఉండాది, అది కావాలంటే బయట చూపిస్తా."

చర్చి అంతా నవ్వింది. సంజీవయ్య నవ్వలేదు.

"మరి మీ ఇంటి సంగతేంది బావా?"

"వస్తాండా బావా. ఇరవైమూడోది మా ఇల్లు. తప్పు ఆ ఒక్క ఇంట్లోనే దొరికింది." మామ జేబులోంచి పాత స్విచ్చి తీసి పైకెత్తి పట్టుకున్నాడు. "దీన్ని విప్పింది నేను. కొత్తది పెట్టింది నేను. వైరు తప్పు కలిపింది నేను. అంకన్న ఆ రోజు మా ఇంటికే రాలా."

ఆడవాళ్ల వైపు నుంచి నిదానంగా ఒక గొంతు వచ్చింది.

"ఏందయ్యా, ఏమన్నావు?"

మామ అటు తిరగకుండానే చెప్పాడు. "ఇంతమందిలో ఒక తూరి చెప్పినా మణెమ్మా. రెండో తూరి ఇంటికాడ చెప్తా."

"వాని తప్పు కానప్పుడు వాడెందుకు ఒప్పుకున్నాడు?" అన్నాడు సంజీవయ్య.

"నేనూ అదే ఎతికినా బావా. దొంగబుద్ధి ఉండాదేమోనని ఎతికినా, పిచ్చోడేమోనని ఎతికినా. ఏమీ దొరకలా. నీ చెల్లెలు నన్ను ఇడిసిపెట్టి నీ ఇంటికి వచ్చేస్తాదని భయపడి ఒప్పుకున్నాడు. తన పేరు మీద వచ్చే మొదటి పని పోగొట్టుకొని నా సంసారం నిలబెట్టినాడు. అడవిలో తేనె తీసేటోడు అన్నావు గదా. తేనె తీసేటోనికి మైనం యాడ పెట్టాలో తెలిసింది. చదువుకున్న మనకు ఇద్దరికీ తెలియలా."

సంజీవయ్య కాసేపు కండువా కొసలు చూసుకున్నాడు. ఆయన మొండి మనిషే గానీ చెడ్డ మనిషి కాదు. "రాసుకోండి" అన్నాడు చివరికి. "వైరింగు పని, అంకన్న పేరు మీద. కాంట్రాక్టరు పేరు కాదు." పాస్టరు గారు బయటికి చూసి, "అంకన్నా, లోపలికి రా నాయనా, ముందుకొచ్చి కూర్చో" అన్నారు. మెట్ల మీద వాడు తల వంచుకుని చెప్పు మడమ వేలితో గీకుతున్నాడు. నా కళ్లు తడిశాయి. పక్కవాడు చూడకముందే తుడుచుకున్నాను.

బస్సులో నేను ఆ నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. మొదటి పేజీ మీద తేదీ ఉంది. అంకన్న మా ఇంట్లో తప్పు ఒప్పుకున్న సాయంత్రమే వేసిన తేదీ. దాని కింద మామ గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నాడు: "అంకన్న పని బాగున్నదనుటకు సాక్ష్యములు."

"మామా! అంటే మొదటి రోజు నుంచీ వాని కోసమేనా? మరి తప్పు ఎతుకుతాండానని ఊరంతా ఎందుకు చెప్పినావు?"

మామ అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పాడు. "ఒకని గురించి మంచి చెప్పను పోతే జనానికి అనుమానం వస్తాది అల్లుడా. తలుపేస్తారు. తప్పు ఎతకను పోతే కుర్చీ వేసి మరీ చూపిస్తారు."

చర్చి పని ఇరవై రోజుల్లో అయిపోయింది. మొదటి స్విచ్చి పాస్టరు గారు వేస్తారని అందరూ అనుకున్నారు. అంకన్న మాత్రం యోబు మామ వైపు చూశాడు.

"మీరు వేయండి సారూ."

మామ కళ్లు చికిలించాడు. "నన్నే ఎందుకు వేయమంటాండావు? ఈడేందో ఉండాది." బోర్డు విప్పించి మైనం చూశాడు. టెస్టరు పెట్టి చూశాడు. చివరికి ఆడవాళ్ల వైపు తిరిగి చూస్తే, అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఈ ఒక్క తూరికే" అన్నట్టు వేలు చూపించింది. మామ నొక్కాడు. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఫ్యాన్లన్నీ తిరిగాయి. సంఘమంతా హల్లెలూయా అంది. మామ ఒక్కడే పైకి చూస్తూ, "అన్నీ ఒక్కసారే వెలిగినాయే..." అని గొణుక్కున్నాడు.

అత్త వాళ్లన్న ఇంటికి పోలేదు. ఇంతమందిలో నిజం ఒప్పుకున్నవాణ్ణి వదిలిపెడితే దేవుడు మెచ్చడని వాళ్లన్నే చెప్పాడట. కానీ ఊరికే వదల్లేదు. అంకన్న దగ్గర ఒక డబ్బా తేనెమైనం తీసుకుని ఇంట్లో ఉన్న ప్రతి స్విచ్చి బోర్డు అంచుకూ, ఇస్త్రీపెట్టె మరలకూ, చివరికి రేడియోకు కూడా తన చేత్తో అద్దింది. ప్రతి శనివారం పొద్దున అత్త కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా తిరిగి మైనం చెక్కుచెదరలేదని చూసుకునేది.

ఆమె అలా చూస్తూ పోతుంటే వెనకాలే చేతులు కట్టుకుని మామ తిరిగేవాడు. ఒక శనివారం నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడా, ఈ మైనం చూడు. మొన్న ఇంత పచ్చగా లేదు. మీ అత్త రంగు మార్చిందేమో. ఈడేందో ఉండాది."